కిమ్–మాండ్వి రోడ్డు మీద చేతి మాటలు

నాకు గర్వం ఎక్కువని మా వాడలో అందరూ అంటారు. ఉంది, లేదనను. ఖాకీ చొక్కా వేసుకుని, భుజాన టికెట్ల సంచీ తగిలించుకుని, తాడు లాగి గంట కొడితే గానీ బస్సు కదలని ఉద్యోగం చేసే ఆడదానికి ఆ మాత్రం గర్వం లేకపోతే ఎట్లా? సూరత్‌లో మా పర్వత్ పాటియా సందుల్లో మా ఈడు ఆడపిల్లలు చీరలకు రాళ్లు అతికించారు, లేసు మడతలు పెట్టారు. నేను మాత్రం సర్కారు బస్సెక్కి కండక్టరునయ్యాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

నా బస్సు సూరత్ నుంచి మాండ్వి పోతుంది. కిమ్ చౌకడి, అదే నాలుగు రోడ్ల కూడలి, దాకా పెద్ద హైవే. దాంతో నాకు పెద్దగా పనిలేదు, అది ముంబైదీ ఢిల్లీదీ. చౌకడి దగ్గర కుడిచేతి వైపు తిరిగాక నా రోడ్డు మొదలవుతుంది. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లకు పచ్చ తల ఉంటుంది. అంటే ఇది రాష్ట్రం రోడ్డు అని. ముందు నవాపరా, మగ్గాల షెడ్లు, నూలు పెట్టెలు మోసే టెంపోలు. తర్వాత రెండు పక్కలా చెరుకు. ఆ తర్వాత కాలువ వంతెన. వంతెనకు మొదట ఒక అతుకు, చివర ఒక అతుకు, బస్సు రెండుసార్లు ఎగిరి పడుతుంది, నిలబడ్డవాళ్లు పైకడ్డీ పట్టుకోకపోతే పక్కవాళ్ల ఒళ్లో ఉంటారు. అది దాటి కాస్త పోతే కరంజ్, మళ్లీ మగ్గాల షెడ్లు. ఆపైన తడకేశ్వర్, అక్కడి నుంచి బొగ్గు లారీలు ఎదురొస్తాయి, అద్దాలు ఎంత తుడిచినా నల్లగానే ఉంటాయి. అరేఠ్ దాటితే చెట్లు చిక్కబడతాయి, గాలి మారుతుంది. చివరికి మాండ్వి, తాపీ నది. ఈ రోడ్డు మీద ఏ స్టాపులో ఎవరెక్కుతారో, ఎవరికి చిల్లర ఉండదో, ఏ ముసలమ్మ కోడిని సంచీలో దాచి ఎక్కుతుందో నాకు తెలుసు.

ఈ రోడ్డు కథ రోజూ సాయంత్రం ఇంటికొచ్చి మా బాపుకు చెప్పేదాన్ని. మా బాపు జగిత్యాల వైపు పల్లె నుంచి పెళ్లికి ముందే సూరత్ వచ్చి కరెంటు మగ్గాల్లో చేరాడు. మగ్గం తప్ప ఇంకో పని చెయ్యలేదు. పొద్దున పోతే చీకటి పడ్డాక రావడం, సెలవు రోజు పడుకోవడం. సూరత్‌లో అన్నేళ్లున్నాడు గానీ తాపీ నదిని చూసింది రైలు వంతెన మీంచే. అందుకే నా రోడ్డు కథ అంటే ఆయనకు అంత ఇష్టం. అన్నం ముందు కూర్చుని "ఇయ్యాల ఏడిదాంక పోయినవ్ బిడ్డా?" అని అడిగేవాడు. రోజూ మాండ్వి దాకే పోతానని ఆయనకు తెలుసు. అయినా అడిగేవాడు. నేను కిమ్ చౌకడి నుంచి మొదలుపెట్టి ఒక్క స్టాపు వదలకుండా చెప్పేదాన్ని. కాలువ వంతెన దగ్గరికి రాగానే ఆయనే కంచం పట్టుకుని రెండుసార్లు ఎగిరి పడేవాడు. మా అమ్మ, మేం అవ్వ అంటాం, "కూర ఒలుకుతది, సాలు తియ్" అనేది.

మా ఇంట్లో మాటలు కొంచెం వింతగా ఉంటాయి, అది చెప్పాలి. మగ్గాల షెడ్డులో చెవులు గింగురుమనే చప్పుడు. పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని మగ్గం పనివాళ్లకు చేతుల భాష ఒకటి ఉంటుంది. రెండు వేళ్లు కత్తెరలా తెరిచి మూస్తే పోగు తెగిందని. రెండు పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లిస్తే బీమ్ మీద నూలు అయిపోయిందని. బొటనవేలు నోటికి పెట్టుకుంటే చాయ్. పొట్ట నిమురుకుంటే సేఠ్ వస్తున్నాడు జాగ్రత్త. అరచెయ్యి వెల్లకిలా పట్టి, నేసిన గుడ్డ జరిగినట్టు నెమ్మదిగా ఎదరకు తోస్తే, అంతా సక్కగుంది, నడవనీ అని. ఒరియా వాడైనా, యూపీ వాడైనా, మన కరీంనగర్ వాడైనా అందరికీ ఒకటే భాష. చేతులు అందకపోతే పెదాలు చూసి మాట పట్టుకుంటారు.

బాపు ఆ భాషను ఇంటికి తెచ్చాడు. నేను పుట్టేసరికే అవ్వ పొయ్యి దగ్గర నుంచి రెండు వేళ్లతో ఉప్పు లేదని చెప్పేది, బాపు అక్కడి నుంచే లేచి దుకాణానికి పోయేవాడు. మాట్లాడితే మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. పక్కింటి మరాఠీ ఆమె మా ఇంట్లో రోజూ కొట్లాటని చాలాకాలం నమ్మింది. కొట్లాట కాదు, బాపు అవ్వను ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడంతే.

నా గొంతు పెద్దది కావడానికీ ఆయనే కారణం. ఉద్యోగానికి పోయినప్పుడు "స్టాపు పేరు అరిచి చూపించు" అంటే ఆ గదిలో అద్దాలు కదిలేట్టు అరిచాను. ఉత్తర్వు వచ్చిన రోజు బాపు వాడంతా తిరిగి చెప్పాడు. చాయ్ బండి దగ్గర, పాన్ డబ్బా దగ్గర, ఆఖరికి మంగలి దుకాణంలో సగం గడ్డం గీయించుకుని లేచి మరీ చెప్పాడు. "మా బిడ్డ గంట కొడ్తెనే సర్కారు బస్సు కదుల్తది" అని. కాకిపిల్ల కాకికి ముద్దు అని ఎవరైనా నవ్వినా ఆయనకు వినపడేది కాదు. వినపడినా లెక్కచేసేవాడు కాదు.

ఆ వినపడకపోవడం మా ఇంట్లో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి మగ్గాల చప్పుడు తిని చెవులు దాదాపు పోయాయి. కానీ ఎదుటివాడి పెదాలు చూసి ఎంత చక్కగా జవాబు చెప్పేవాడంటే, ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన చెప్పేవాడూ కాదు. చెవులు పోయాయంటే ఇక పనికిరాడని లెక్కకడతారు. అందుకే దాచుకున్నాడు. మా ఇంట్లో గర్వం నాతో మొదలైంది కాదు.

అప్పుడు కరోనా వచ్చింది. ఒక్కసారిగా సూరత్ ఆగిపోయింది. మా ఇంటి వెనక గోడకు ఆనుకుని మగ్గాల ఖానా ఒకటుండేది. అది నడుస్తుంటే మా ఇంటి గోడ సన్నగా వణికేది. బాపు రోజూ లేవగానే ఆ గోడ మీద అరచెయ్యి పెట్టేవాడు, అదే ఆయనకు దండం. లాక్‌డౌన్‌లో గోడ కదలడం మానేసింది. అయినా చెయ్యి పెట్టేవాడు, కాసేపు ఉంచి తీసేవాడు. నా బస్సు కూడా డిపోలో నిలబడిపోయింది. వాడలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. మేం పోలేదు. ఊళ్లో మాకు ఎదురు చూసే ఇల్లు లేదు, ఉన్నదంతా సూరతే.

మెల్లగా మగ్గాలు తెరిచారు. గోడ మళ్లీ వణికింది. బాపు ఆ పొద్దున తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని పెళ్లికి పోయినట్టు పోయాడు. ఎండ నెత్తిమీదికి రాకముందే తిరిగొచ్చాడు.

ఏం జరిగిందో మాకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. షెడ్డులో పని చూసుకునే పాత మాస్టర్ ఊరికి పోయి తిరిగి రాలేదు. ఆయన స్థానంలో సేఠ్ చుట్టం ఒకడు వచ్చి నిలబడ్డాడు. మగ్గం ముట్టినవాడు కాదు, చేతుల భాష రాదు. అందరి ముఖాలకూ మాస్కులు. వాడు మాస్కు వెనక నుంచి ఏదో చెప్పాడు, బాపు తలూపాడు. చెప్పింది ఒక మగ్గం ఆపమని, ఈయన ఆపింది ఇంకొకటి. ఆపని మగ్గం మీద గుడ్డంతా పాడైంది. వాడు ఇంకేదో అరిచాడు. బాపుకు కనపడింది కదులుతున్న గుడ్డముక్క ఒక్కటే. చివరికి వాడు చెయ్యి విదిలించాడు, బయటికి పొమ్మని. ఆ ఒక్క సైగ మాత్రం అర్థమైందని బాపు అన్నాడు.

"మాస్కు జర కిందికి దించి చెప్పమనకపోయినవా బాపూ?" అన్నాను.

"ఎందుకని అడుగుతడు. ఏమని చెప్పాలె? చెవిటోన్నని చెప్పాన్నా?"

ఆ తర్వాత ఒకరోజు కిరాణా దుకాణంలో కందిపప్పు అడిగితే, దుకాణాయన మాస్కులోంచి ఏదో ఎదురు అడిగాడట. ఈయన అలవాటుగా తలూపాడు. మైదా పిండి కట్టిచ్చాడు. వెనకనున్న ఒకతను "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది" అన్నాడని అవ్వ విని వచ్చి చెప్పింది, అదీ బాపుకు కనపడకుండా వెనక్కి తిరిగి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ దుకాణానికి పోయి ఆ మనిషెవరో తెలుసుకుని నాలుగు దులిపి వస్తానంటే అవ్వ నా చొక్కా పట్టుకుని ఆపింది. బాపు మాత్రం ఆ రోజు నుంచి గడప దాటలేదు. మేం ఇంట్లో మాస్కులు తీసే మాట్లాడేవాళ్లం. అయినా మా పెదాల వైపు చూడటం తగ్గించాడు. రోడ్డు కథ అడగడం కూడా మానేశాడు. అది నాకు అన్నిటికన్నా ఎక్కువ నొప్పి పుట్టించింది. ఆయన చెవులు పోయినప్పుడు మాకు ఏడుపు రాలేదు, ఎందుకంటే ఆయన పోలేదు. ఇప్పుడు ఆయనే పోతున్నాడని భయమేసింది.

ఈలోగా నా బస్సు తిరగడం మొదలైంది. ఒక సీటు వదిలి ఒక సీటు, అందరికీ మాస్కు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, కండక్టరుకు నోరే బతుకు. మరి ఆ నోటికే గుడ్డ కట్టాక ఏం చెయ్యాలి? నేను "కరంజ్" అని అరిస్తే చివరి సీటుకు "గుంజ్" అనో ఇంకేదో పోయేది. ఒకాయన తడకేశ్వర్‌లో దిగాల్సింది అరేఠ్‌లో దిగి, నన్ను గుజరాతీలో తిట్టిపోశాడు. నేను హిందీలో తిట్టాను. ఇద్దరం మాస్కుల్లో తిట్టుకున్నాం, ఎవరి తిట్లు ఎవరికీ సరిగా వినపడలేదు.

అట్లాంటి ఒక పొద్దున, నవాపరా దాటాక, వెనక సీట్లలో ఇద్దరిని చూశాను. ఒకడు కిటికీ దగ్గర, ఒకడు ఇటు పక్కన, మధ్యలో ఖాళీ సీట్లు. ఒకడు రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు. రెండోవాడు నవ్వి, పొట్ట నిమురుకున్నాడు. అవి మా ఇంటి మాటలే. పోగు తెగుతూనే ఉంది, సేఠ్ మీద పడుతున్నాడు! నేను టికెట్ మిషన్ చంకలో పెట్టుకుని, వాళ్లకు కనపడేట్టు నిలబడి, పిడికిళ్లు రెండూ దొర్లించాను. బీమ్ అయిపోయిందా?

వాళ్లిద్దరే కాదు, ఆ వెనక నలుగురు కూడా నా వైపు తిరిగారు. వాళ్లలో ఒక ఒరియా అతను లేచి నిలబడి, "బేన్, మీరు మగ్గం మిషన్ నడిపారా?" అని హిందీలో అడిగాడు. బేన్ అంటే ఇక్కడ అక్క.

"మా బాపు నడిపాడు," అన్నాను. ఆ మాట ఎంత పెద్దగా అన్నానంటే మాస్కు ఉన్నా బస్సంతా వినపడింది.

వాళ్లలో ఒకాయన మన జగిత్యాల వైపే. కరంజ్‌లో ఒక షెడ్డుకు మాస్టర్. మాట కలిసింది. ఊళ్లకు పోయిన వాళ్లు తిరిగి రాక సగం మగ్గాలు ఊరికే నిలబడ్డాయట. నేను బాపు సంగతి చెప్పాను, దాచకుండా. చెవుల సంగతితో సహా. బాపుకు తెలిస్తే నన్ను తిట్టేవాడే, అయినా చెప్పాను. ఆ మాస్టర్ నవ్వాడు.

"మగ్గాలు నడుస్తుంటె ఎవనికి ఇనవడ్తది బిడ్డా? ఆడ మేమందరం చెవిటోల్లమే. మీ బాపును తోల్కరా. గంత పనిమంతుడు ఇంట్ల కూసునుడేంది?"

నేను ఆ రోజు సాయంత్రం ఇంటికి పోయే లోపలే అంతా అయిపోయిందనుకున్నాను. బాపు ముందు కూర్చుని సంతోషంగా చెప్పాను. ఆయన అర్థమైనా కానట్టు గోడ వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగాడు.

"నేను పోను."

"ఎందుకు?"

"ఆ రోడ్డు నాకెరుక లేదు. ఏడ దిగాల్నో ఎవల్నన్న అడుగుత, ఆడు మూతికి గుడ్డ కట్టుకొని ఏదో అంటడు. నేను తలకాయ ఊపుత. మాండ్వి పోయి పడ్త."

"బస్సుల నేనుంట కద."

"నువ్వు టికెట్లు కోసుకుంటవా, నన్ను సూస్కుంటవా? కండక్టర్ బాపు చెవిటోడని నీ బస్సుల అందరు అనాల్నా?"

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన భయం తప్పిపోతానని కాదు. వాడంతా చెప్పుకున్న బిడ్డ బస్సులో, ఆ బిడ్డ పరువు తీస్తానేమోనని. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అవ్వకు కోపం ఒక్కటే వచ్చింది. గరిటె పట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"ఏమయ్యా, ఇన్నేండ్లు పొద్దుమీకి దాని రోడ్డు కత ఇన్నవ్ కద. కూర ఒలకవోసుకుంట ఎగిరినవ్ కద. ఇప్పుడు ఎరుక లేదంటవా?"

నేను బాపు చెయ్యి పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. ఒక్కొక్క స్టాపుకూ ఒక్కో సైగ పెట్టు, నేను ముందర నిలబడి చూపిస్తాను, ఎవరినీ అడగక్కర్లేదు, అన్నాను. మొదట మొండికేశాడు. తర్వాత కిమ్ చౌకడి ఎట్లుంటదో మళ్లొకసారి చెప్పమన్నాడు. చెప్పాను. మోచేతులు రెండూ ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూపించాడు, నాలుగు దార్లు. నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో అడిగాడు రోడ్డు గురించి.

ఇక ఆగలేదు. నవాపరాకు రెండు అరచేతులతో షెడ్డు కప్పు కట్టాడు. తడకేశ్వర్‌కు బొగ్గు పూసుకున్నట్టు బుగ్గలు రుద్దుకున్నాడు. మాండ్వికి నది అలలా చెయ్యి ఊపాడు. అరేఠ్‌కు ఏమీ తోచక చెవి పట్టుకున్నాడు. అదేందంటే, "ఆడ దిగేటోల్లు మస్తు లొల్లి వెడ్తరంటివి కద" అన్నాడు. ఆఖరికి కరంజ్. కరంజ్ అంటే గుజరాతీలో మన కానుగ చెట్టే అని నేను ఎప్పుడో చెప్పాను. బాపు చూపుడు వేలు పళ్ల మీద అటూ ఇటూ రుద్దాడు. కానుగ పుల్ల. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే దాంతోనే పళ్లు తోముకునేవాడట. అవ్వ నవ్వు ఆపుకోలేక గరిటె కింద పెట్టింది.

మొదటి రోజు బాపు చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని వచ్చాడు. నన్ను తెలియనట్టు నటించాడు. అందరిలాగే టికెట్ కొట్టమని చెయ్యి చాపి, టికెట్ తీసుకుని, చివరి వరసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. మా డ్రైవర్ గుజరాతీ పెద్దమనిషి, అందరికీ కాకా. నేను ముందే ఆయన చెవిన వేశాను. అద్దంలోంచి బాపును ఒకసారి చూసి, "గభరావుం నహీం, బేన్," భయపడకు అన్నాడు. భయపడుతున్నానని ఆయనకు ఎట్లా తెలిసిందో.

కిమ్ చౌకడి వచ్చింది. నేను ముందు నిలబడి మోచేతులు అడ్డంగా పెట్టాను. బస్సులో కొత్తవాళ్లు నాకు పిచ్చెక్కిందన్నట్టు చూశారు. బాపు చూశాడో లేదో తెలియదు, ముఖం కిటికీ వైపే ఉంది. ఒక చెయ్యి కిటికీ కడ్డీ మీద పెట్టుకున్నాడు. కుడికి తిరిగాం. పచ్చ తల రాళ్లు మొదలయ్యాయి. నవాపరాకు షెడ్డు కప్పు చూపించాను. మగ్గాల వాళ్లు ఎక్కారు, వాళ్లలో మన జగిత్యాల మాస్టర్ కూడా. ఆయనకు కళ్లతోనే బాపును చూపించాను. ఆయన దగ్గరికి పోబోతే వద్దన్నట్టు తలూపాను. బాపు తనంతట తాను దిగాలి. ఎవరో చెయ్యి పట్టి దింపితే ఆ మనిషి రేపు రాడు, నాకు తెలుసు.

చెరుకు తోటల మధ్య, చెయ్యెత్తితే ఆపే ఒక చోట, ఒకామె ఎక్కింది, ఇద్దరు పిల్లలతో, మాస్కులు లేకుండా. మాస్కు లేకుండా ఎక్కించుకుంటే నన్ను పట్టుకుంటారు. దించేస్తే ఎండలో పిల్లలతో నిలబడాలి. నేను అరిచాను, ఆమె నాకన్నా ఎక్కువ అరిచింది. చివరికి కొంగు ముక్కు దాకా కట్టుకుంది గానీ చిన్నవాడు కట్టించుకోడు. వాడికి నా రుమాలు కడుతుంటే వాడు నా వేలు కొరికాడు. వాణ్ని పట్టుకుని, టికెట్ మిషన్ పట్టుకుని, ఒక కాలు సీటుకు అడ్డం పెట్టి నేను కుస్తీ పడుతున్నాను. బస్సు ఒకసారి ఎగిరి పడింది. కొంచెం ఆగి మళ్లీ ఎగిరి పడింది.

కాలువ వంతెన. వంతెన దాటితే కరంజ్ ఎంతో దూరం లేదు, కాకా అప్పుడే వేగం తగ్గిస్తున్నాడు. నేను సైగ చూపించలేదు. నేనే ఒప్పించి తీసుకొచ్చి, ఒక్క స్టాపు, ఆయనకు కావాల్సిన ఒకే ఒక్క స్టాపు, చూపించలేదు. పిల్లాణ్ని వాళ్లమ్మ ఒళ్లో పడేసి వెనక్కి తిరిగాను.

బాపు లేచి నిలబడి ఉన్నాడు.

కిటికీ పక్కనే, నిటారుగా, ఒక చెయ్యి ఇంకా కిటికీ కడ్డీ మీదే పెట్టి. వంతెన అతుకులు రెండూ ఆ చెయ్యి పట్టేసింది. రెండో చెయ్యి పైకెత్తి, చూపుడు వేలితో మాస్కు మీద పళ్లు తోముకుంటున్నాడు. నా వైపు కాదు, బస్సు మొత్తానికి చూపిస్తున్నాడు. కరంజ్, కరంజ్, దిగేవాళ్లు లేవండి! ఒరియా అతను ఒక క్షణం తెల్లబోయి చూసి, ఫక్కున నవ్వి, తనూ మాస్కు మీద వేలు రుద్దుకుంటూ లేచాడు. కరంజ్ చెట్టు పుల్ల వాళ్లకూ తెలుసు మరి. వాణ్ని చూసి ఇంకొకడు. నా బస్సులో సగం మంది పొద్దున్నే మాస్కుల మీద పళ్లు తోముకుంటూ తలుపు దగ్గరికి నడిచారు. అందరికన్నా ముందు మా బాపు. నన్ను దాటేటప్పుడు ఆగలేదు, నా వైపు చూడలేదు, నడుస్తూ నడుస్తూ నా భుజం మీది టికెట్ల సంచీని సర్దిపోయాడు.

కింద దుమ్ములో జగిత్యాల మాస్టర్ బాపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మాస్కు దించలేదు, మాట్లాడలేదు. పిడికిళ్లు దొర్లించి, వేళ్లు కత్తెర ఆడించి ఏదో అడిగాడు. బాపు చేతులు జవాబు చెప్పాయి. ఎన్ని రోజులైందో ఆ చేతులు అంత వేగంగా కదిలి! ఇద్దరూ షెడ్డుల వైపు తిరిగారు. చుట్టూ మగ్గాల వాళ్లు, మధ్యలో ఆయన, తల ఎత్తుకుని. ఆ నడక చూస్తూ నేను తలుపులో నిలబడిపోయాను. గంట తాడు నా తల మీదే ఉంది, లాగడం మర్చిపోయాను. లోపల కూర్చున్నవాళ్లు "చాలో బేన్, చాలో," పోదాం పద అంటున్నారు.

బాపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. అరచెయ్యి వెల్లకిలా పట్టి, నేసిన గుడ్డ జరిగినట్టు నెమ్మదిగా ఎదరకు తోశాడు. అంతా సక్కగుంది, నడవనీ.

అద్దంలో ఆ చెయ్యి చూసి కాకా గేరు వేశాడు. ఆ రోడ్డు మీద నేను గంట కొట్టకుండా నా బస్సు కదిలింది ఆ ఒక్కసారే, అదీ మా బాపు చేతి మీదుగా.